పర్లాకిమిడి ఉపాధ్యాయుడును, పాఠశాలల ఇన్‌స్పెక్టరును

పొరుగు రాష్ట్రములలో తెలుగువారు తరతరములుగా నివసించుచున్న ప్రాంతములలో ఒడిస్సా దక్షిణభాగమునకు ప్రత్యేకస్థానము కలదు. బరంపురము, పర్లాకిమిడి పట్టణములు 1936 ఏప్రిల్ 1 వ తేదీ వరకు చెన్నపురి రాజధానిలోని గంజాము జిల్లాకు చేరియుండెను. ఆ దినమున ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడగా, బరంపురమును, పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగమును అందు చేరినవి. కావున అచటి తెలుగువారిలో పెక్కురు ఎల్ల దాటి పోయినవారు కారు. ఎల్లయే వారిని దాటిపోయినది. భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన వరాహగిరి వేంకటగిరిగారును, తెలుగు పత్రికారచనకు క్రొత్త నుడికారము నిచ్చిన తాపీ ధర్మారావుగారును బరంపురమున జన్మించినవారే.

ఈ ప్రాంతపు విద్యాచరిత్రలో ఒక ఘట్టమును పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశ్యము. బడిలో చేరిన బాలుడు చివరి తరగతి పరీక్ష దాటి బయటపడుటకు భవనములు, గ్రాంటులు, పాఠ్యగ్రంథములు తోడ్పడుననుట నిజమే. కాని ఒక జిల్లా పాఠశాలలపై అధికారము కలవాడు ఉపాధ్యాయుని ఎట్లు చూచుచున్నాడు, అతని అనుమానములకు ఎంత విలువ నిచ్చుచున్నాడు అను విషయము వీనియన్నిటికంటె ముఖ్యమని ఈ ఘట్టము తెలుపుచున్నది. వాడుకభాషా వాదముగా ప్రసిద్ధి కెక్కిన ఉద్యమము పుట్టినది పండితసభలో కాదు, పాఠశాల తనిఖీలో.

1854 నాటి విద్యాశాసనపత్రము ననుసరించి చెన్నపురి రాజధానిలో విద్యాశాఖ యేర్పడెను. దానికి డైరెక్టరు, అతని క్రింద మండలముల వారిగా ఇన్‌స్పెక్టర్లు నియమితులైరి. 1860 తరువాతి దశకములలో ఫలితములనుబట్టి గ్రాంటు నిచ్చు పద్ధతి ప్రబలెను. ఇన్‌స్పెక్టరు బడికి వచ్చును, బాలురను పరీక్షించును, ఎందరు నెగ్గిరో లెక్కించును, ఆ లెక్కనుబట్టి పాఠశాలకు ధనము చేరును. ఈ యేర్పాటులో తనిఖీ యనగా ఉపాధ్యాయునికి పంట కోత వంటిది. పండినచో కొలుతురు, ఎండినచో ఎందుకెండెనని అడుగువారు లేరు. బాలుడు తప్పెను అని పట్టికలో వ్రాయుట సులభము. ఏల తప్పెనో తెలిసికొనవలెనన్నచో తరగతి గదిలో కూర్చుండి వినవలెను.

ఇట్టి కాలమున పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో గిడుగు వేంకట రామమూర్తిగారు 1880 లో ఉపాధ్యాయులుగా చేరిరి. వారు ముఖలింగ క్షేత్రము చెంతనున్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29 న జన్మించిరి. విజయనగరమున చదువుకొన్న దినములలో గురజాడ అప్పారావుగారు వారికి సహాధ్యాయులు. మెట్రిక్యులేషను మాత్రమే ముగించి ఉద్యోగమున ప్రవేశించిన యీ యువకుడు, బడిలో పాఠములు చెప్పుచునే ప్రయివేటుగా చదివి పట్టభద్రుడయ్యెను. ముఖలింగ దేవాలయపు శాసనముల లిపిని స్వయముగా నేర్చుకొనెను. ఉపాధ్యాయుల శిక్షణకు నేడున్న యేర్పాటులేవియు ఆనాటి పర్లాకిమిడిలో లేవు. అట్టి చోట ఉపాధ్యాయుని ఎదుగుదలకు అతని జిజ్ఞాసయే ఆధారము. అది యెవరికైనను కనబడి, అక్కరకు వచ్చినపుడుకదా అది విద్యావిధానమునకు మేలు చేయును!

అట్లు కనుగొన్నవాడు జె. ఎ. యేట్స్ అను ఆంగ్లేయుడు. ఆయన ఉత్తరపు తెలుగు జిల్లాల పాఠశాలలకు ఇన్‌స్పెక్టరుగా వచ్చి, తెలుగు నేర్చుకొనుచు తనిఖీలు సాగించెను. ప్రజలు మాటలాడు తెలుగొకటి, బడిలో పుస్తకమునందలి తెలుగు వేరొకటి యని ఆయనకు తోచెను. ఈ భేదమేల అని ఆయన ప్రశ్నించెను. విశాఖపట్టణమున మిసెస్ ఎ. వి. ఎన్. కళాశాలాధ్యక్షులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్న విని, దీనికి సమాధానము చెప్పగలవారు గురజాడ, గిడుగులని సూచించిరి. 1907 లో ఈ నలుగురి ఆలోచనలు కలిసెను. పదవిలో మిక్కిలి పై మెట్టున నున్న అధికారి, ఒక చిన్న సంస్థానపు పట్టణమున పనిచేయుచున్న ఉపాధ్యాయుని ఆదేశింపక, అతనినుండి తెలిసికొనగోరుట ఇందు గమనింపదగిన విశేషము.

ఆ ప్రశ్న రామమూర్తిగారి జీవితమునే మార్చివేసెను. వ్రాతభాషకు బాలుని నోటిభాషకు నడుమ నున్న దూరమే బోధనకు పెద్ద ఆటంకమని వారు నిశ్చయించిరి. తల్లి యొద్ద నేర్చిన మాటను తప్పని కొట్టివేసి, తానెన్నడు వినని మాటలో వ్యాసము వ్రాయుమనినచో, బాలునికి భావముండియు కలము సాగదు. కంఠస్థము చేసిన వాక్యములే గతి యగును. పెద్దలైన గ్రంథకర్తలే ఆ వ్యాకరణమును తప్పక పాటింపలేకున్నారని వారు ఉదాహరణములతో చూపిరి. పరిశోధన వారిది, దానిని పరీక్షావిధానము వరకు కొనిపోవుటకు వలసిన అండ విద్యాధికారులది. ఫలితముగా 1912-13 లో, స్కూలు ఫైనలు విద్యార్థులు తెలుగు వ్యాసమును కావ్యభాషలో గాని ఆధునికభాషలో గాని వ్రాయవచ్చునని ఉత్తరువు వెలువడెను. ప్రాతభాషకు చిన్నయసూరి నీతిచంద్రికయు, క్రొత్తదానికి ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రయు మాదిరిగా చూపబడెను. బాలుని పరీక్షకు నడ్డముగా నున్న తలుపు ఒకటి తెరువబడినది.

అది చిరకాలము తెరచియుండలేదు. 1911 లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో నేర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు దీనిని తీవ్రముగా ప్రతిఘటించెను. వారి భయము నిష్కారణమని తోసివేయరాదు. జిల్లాకొక తీరుగా మాటలాడు ప్రజలకు ఒక్క వ్రాతభాష ఉండవలెననియు, అది పోయినచో ప్రాచీన వాఙ్మయముతో బాలునికి సంబంధము తెగుననియు వారి వాదము. పరీక్ష సులభమగుట వేరు, చదువు సార్థకమగుట వేరు అను హెచ్చరిక నేటికిని విలువైనదే. 1914 లో గురజాడవారు తమ అసమ్మతి పత్రమును సమర్పించినను అధికారుల నిర్ణయము గ్రాంథికము వైపే మొగ్గెను. ఉత్తరువు పోయినది కాని ఉపాధ్యాయుడు చేసిన పని పోలేదు. పర్లాకిమిడి కళాశాలలో గిడుగువారి శిష్యుడైన తాపీ ధర్మారావుగారు తరువాతి కాలమున పత్రికలలో వాడుకభాషను స్థిరపరచిరి. మంచి ఉపాధ్యాయుని ఫలితము ఒక యేటి ఉత్తీర్ణుల పట్టికలో కానరాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఈ చరిత్రలో మరియొక ముఖము కలదు. పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి బిడ్డలకు తెలుగు బడి పరాయిబడియే. తన భాషలో బాలుడు చదువుకొనవలెనని వాదించిన రామమూర్తిగారు, ఆ న్యాయమును తనవారికి మాత్రమే పరిమితము చేసికొనలేదు. సవరభాష నేర్చి, అందు పుస్తకములు వ్రాసి, స్వంత ధనముతో బడులు పెట్టి, అధ్యాపకులకు జీతము లిచ్చి, సవర బాలురకు సవరలోనే చదువు చెప్పించిరి. 1911 లో ఉద్యోగ విరమణ చేసిన తరువాతను ఈ కృషి ఆగలేదు. వారి సవరభాషా వ్యాకరణము 1931 లోను, సవర-ఆంగ్ల నిఘంటువు 1938 లోను వెలువడెను. అధికారము లేకయే వారు ఒక విద్యాధికారి చేయవలసిన పని చేసిరి: బడి పెట్టిరి, పుస్తకమిచ్చిరి, ఉపాధ్యాయుని తీర్చిదిద్దిరి. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను మిగిలిన రెండును వ్యర్థములు.

1936 లో పర్లాకిమిడి ఒడిస్సాలో చేరుటను రామమూర్తిగారు సహింపలేకపోయిరి. డెబ్బదేండ్లకు మించిన వయస్సున, తమ పనికంతకు నెలవైన ఊరిని విడిచి రాజమహేంద్రవరమున కుమారుని యొద్దకు చేరిరి. 1940 జనవరి 22 న పరమపదించిరి. వారు వెడలిపోయిరి కాని ఊరిలోని తెలుగు కుటుంబములు అచటనే నిలిచినవి. రాజధాని మారినపుడు అచటి తెలుగు ఉపాధ్యాయునికి మారినది పై అధికారి పేరు మాత్రము కాదు. తన పాఠమును విని గుణదోషముల నెన్నగల అధికారి తన భాష తెలిసినవాడగునను భరోసాయు సన్నగిల్లెను.

స్వాతంత్ర్యానంతరము ఈ చిక్కును రాజ్యము గుర్తింపకపోలేదు. 1949 ఆగస్టులో సమావేశమైన రాష్ట్ర విద్యామంత్రులు, పాఠశాలలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఒక భాష బాలురున్నచో ప్రాథమికదశలో ఆ భాషా ఉపాధ్యాయుని నియమింపవలెనని అంగీకరించిరి. 1956 లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరెను. ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రము యత్నింపవలెనని దాని యాదేశము. ఇవి యమూల్యములైన రక్షణలు. అయినను 40, 10 అను అంకెలు ఉపాధ్యాయుని నియామకమును గూర్చి చెప్పును గాని, అతని ఎదుగుదలను గూర్చి చెప్పవు. అతనికి తన భాషలో శిక్షణ నిచ్చువారెవరు, అతని అనుమానములు వినువారెవరు అను ప్రశ్నలు మిగిలియే యున్నవి.

ఇది ఒక్క ఒడిస్సా సమస్య కాదు. తమిళనాట 2006 నాటి చట్టము తమిళమును ఒకటవ తరగతి మొదలుకొని క్రమముగా నిర్బంధము చేయగా, 2015-16 నాటికి అది పదవ తరగతి పరీక్షకు చేరెను. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు మినహాయింపునకై న్యాయస్థానము నాశ్రయించిరి. తమ పాఠశాలలలో తగినంతమంది తమిళ ఉపాధ్యాయులు లేరనుట వారి ముఖ్యవాదములలో నొకటి. రాష్ట్రభాషను నేర్పవలదని యెవ్వరు ననరు. కాని నేర్పువాని నీయక పరీక్ష నిచ్చుట, విత్తనము చల్లక పంట కొలుచుట వంటిది.

కావున ప్రవాసాంధ్ర సంఘములు ప్రభుత్వములను అడుగవలసినది తెలుగు పాఠశాలల సంఖ్యను మాత్రమే కాదు. తెలుగు తెలిసిన తనిఖీ అధికారులను, తెలుగు ఉపాధ్యాయులకు ఏటేట శిక్షణను, చివరి తరగతి చేరకయే బడి మానిన బాలుర లెక్కను అడుగవలెను. ఆ లెక్కతో పాటు కారణమును గూడ అడుగవలెను. యేట్స్ దొర వేసిన ప్రశ్న అట్టిది. దానికి సమాధానము చెప్పగలవాడు ఆనాడొక మారుమూల పట్టణపు బడిలో ఉండెను. నేడును అట్టివారు ఏ బరంపురముననో, ఏ హోసూరుననో ఉండకపోరు. వారిని వెదకి అడుగువారు కావలెను.

గిడుగువారి జన్మదినమగు ఆగస్టు 29 ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. వారు నిరసించిన గ్రాంథికచ్ఛాయలోనే వారిని గూర్చి వ్రాసినందులకు వారి యాత్మ చిరునవ్వుతో క్షమించును గాక. భాష ఏదైనను, బాలుడు తరగతిలో మౌనముగా కూర్చుండినపుడు దానికి కారణ మడిగిన ఉపాధ్యాయుని, ఆ ఉపాధ్యాయుని మాట విన్న అధికారిని స్మరించుటయే మన కర్తవ్యము.