గృహవిద్య - చట్టపరమైన స్థితి

గృహవిద్య లేదా హోమ్‌స్కూలింగ్ అనగా పిల్లలను బడిలో చేర్చకుండా తల్లిదండ్రులే ఇంటివద్ద చదువు చెప్పే పద్ధతి. భారతదేశంలో దీనికై ప్రత్యేక చట్టం గానీ, నమోదు విధానం గానీ లేదు. కావున విమానాశ్రయం గల శంషాబాద్‌లో నివసించే కుటుంబానికి కూడా వర్తించేది 2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టమే.

చట్టంలోని అంశాలు

2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన 21ఎ అధికరణం 6 నుండి 14 సంవత్సరాల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. ఈ అధికరణం, విద్యాహక్కు చట్టం రెండూ 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాయి.

* 10వ సెక్షన్ ప్రకారం పిల్లలను సమీప పాఠశాలలో చేర్చడం తల్లిదండ్రుల విధి. అయితే ఈ విధిని తప్పినవారికి చట్టంలో శిక్ష ఏదీ చెప్పలేదు.
* 8వ సెక్షన్ వివరణ ప్రకారం "నిర్బంధ విద్య" అనగా పిల్లల చేరిక, హాజరు, చదువు పూర్తి అగునట్లు చూడవలసిన ప్రభుత్వ బాధ్యత.
* గుర్తింపు లేకుండా పాఠశాల నడిపితే 18వ సెక్షన్ క్రింద లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. కావున ఇతరుల పిల్లలను కూడా చేర్చుకొని బడి వలె నడపడం గృహవిద్య క్రిందకు రాదు.

నేపథ్యం

శంషాబాద్ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో బాలకార్మికులను బడికి చేర్చే కృషి ప్రారంభించింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాలకార్మికునిగానే పరిగణించాలన్నది ఈ సంస్థ సిద్ధాంతం. దీనికి సారథ్యం వహించిన శాంతా సిన్హా 2003లో మెగసెసే పురస్కారం పొందారు. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. ఇంట శ్రద్ధగా చదువుకొనే బిడ్డకు, చదువు మాన్పించి పనికి పెట్టిన బిడ్డకు 10వ సెక్షన్ భేదం చూపదు. మినహాయింపు ఇస్తే అది పనిపిల్లల విషయంలో దుర్వినియోగం కావచ్చునన్న భయం, పిల్లల చదువును ఎంచుకొనే స్వేచ్ఛ కావాలన్న తల్లిదండ్రుల కోరిక - ఈ రెండింటి నడుమ గృహవిద్య నిలిచి ఉంది.

పరీక్షలు, బడికి తిరిగి చేరిక

14 సంవత్సరాలు నిండినవారు తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం లేదా జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. వయసు నిర్ధారణకు జనన ధ్రువపత్రం భద్రపరచుకొనవలెను.

అంతకు ముందే బడికి పంపదలచినచో, 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేరే హక్కు, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ పొందే హక్కు పిల్లలకు ఉన్నాయి. వయసు ధ్రువపత్రం లేదని గానీ, ప్రవేశ గడువు ముగిసిందని గానీ బడి నిరాకరించరాదని 14, 15 సెక్షన్లు తెలుపుతున్నాయి.