స్కైలాబ్‌లో మనోభారము

అంతరిక్షయాత్ర యనగానే రాకెట్టు వేగము, భారరహితస్థితి మనకు స్ఫురించును. ఆ యాత్రలో మనుష్యుని మనస్సు కూడ పరీక్షకు లోనగునని స్కైలాబ్ చరిత్ర తెలుపుచున్నది.

అమెరికాదేశము 1973 మే 14న స్కైలాబ్ అను ప్రయోగశాలను పంపి, భూమికి సుమారు 435 కిలోమీటర్ల యెత్తున పరిభ్రమింపజేసెను. అందు మొదటి బృందము 28 దినములు, రెండవది 59 దినములు గడిపెను. రెండవ బృందమువారు తమ పని ముగించి మరికొంత పని యడిగి తీసికొనిరి. నవంబరు 16న బయలుదేరిన మూడవ బృందమునకు ఆ వేగమునే ప్రమాణముగా గైకొనిరి. పొరపాటు ఇచటనే జరిగెను.

జెరాల్డ్ కార్, ఎడ్వర్డ్ గిబ్సన్, విలియం పోగ్ అను ఆ మువ్వురికిని అదియే తొలియాత్ర. ఆరంభముననే పోగ్‌కు వాంతి యయ్యెను. దానిని దాచవలెనని వారు తలచిరి. కాని ఆ మాటలు టేపులో నమోదై బయటపడుటచే మందలింపు పొందిరి. క్రొత్తచోటికి అలవాటుపడకముందే పనులు వరుసగా వచ్చిపడెను. ఒకటి ఆలస్యమైన తరువాతిదియు తప్పెడిది. విశ్రాంతిదినములు సైతము పనికే చెల్లిపోయెను. అలసట తప్పులను, తప్పులు విసుగును పెంచెను.

వారు సమ్మె చేసిరను కథ ప్రచారములో కలదు. అది నిజము కాదని ఆ యాత్రికులే అనంతరము చెప్పిరి. జరిగినది వేరు. డిసెంబరు 30న వారును, హ్యూస్టన్ నియంత్రణకేంద్రమువారును రేడియోలో మనసు విప్పి మాటలాడుకొనిరి. భోజనవేళలకు, విశ్రాంతికి భంగము కలుగకుండ ఏర్పాటు జరిగెను. నిత్యకృత్యములను ఒక జాబితాగా నిచ్చి, వీలునుబట్టి చేసికొను స్వేచ్ఛ నొసగిరి. పని కుంటుపడలేదు సరికదా, చురుకందుకొనెను. 1974 జనవరి 21న గిబ్సన్ సూర్యజ్వాల యొకటి పుట్టుచుండగనే చిత్రీకరింపగలిగెను. 84 దినముల యాత్ర ముగించి ఫిబ్రవరి 8న వారు క్షేమముగా పసిఫిక్ మహాసముద్రమున దిగిరి.

ఇరుకు, ఒంటరితనము, ఇంటిపై బెంగ అంతరిక్షవాసమున తప్పనివి. కాని కాలము కొంతయైన తన చేతిలో నున్నదను భావము, తన కష్టమును వినువారున్నారను నమ్మకము ఆ భారమును తేలికపరచును. నేటి అంతర్జాతీయ అంతరిక్షకేంద్రములో సెలవుదినములు, కుటుంబముతో సంభాషణలు, మనోవైద్యుల సలహాలు కార్యక్రమములో భాగమే.

అంగారకయాత్రలో మాత్రము ఒక చిక్కు కలదు. ఆ గ్రహము మిక్కిలి దూరమున నున్నపుడు ఒక మాట భూమికి చేరుటకే 20 నిమిషములకు పైగా పట్టును. జవాబునకు మరల అంతే కాలము. నాడు స్కైలాబ్‌వాసులను ఆదుకొన్న ముఖాముఖి వంటి సంభాషణ అచట సాధ్యము కాదు. ఆ యాత్రికులు ఒకరి కష్టము నొకరు వినుటను ఇచటనే అభ్యసించి వెళ్లవలెను.