మాట కంటే ముందు చెయ్యి

కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా గౌనిపల్లి కన్నడ నేల మీది తెలుగు ఊరు. ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఈ మామిడితోటల సీమలో బిడ్డ ఇంట్లో తెలుగు వింటుంది, బడిలో కన్నడం నేరుస్తుంది, వీధిలో దక్కనీ ఉర్దూ పట్టేస్తుంది. మూడు భాషలతో బిడ్డ తికమకపడుతుందని ఇక్కడ ఎవరూ బెంగపెట్టుకోరు. అదే పసిబిడ్డకు సైగల భాష నేర్పుదామంటే మాత్రం, "చేతులకు అలవాటు పడితే నోరు తిరగదేమో" అనే మాట ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది. ఆ భయం మన అవ్వలది కాదు. అది బలపడింది యూరప్‌లో, సుమారు నూటనలభై అయిదేళ్ల కిందట.

అవ్వల పద్ధతి వేరు. బిడ్డ కూర్చోవడం నేర్చిన నాటి నుంచి చేతులకు పని చెప్పేవారు. చందమామను పిలవాలంటే అరచెయ్యి పైకి తిప్పి వేళ్లు ముడవాలి. దీపం పెట్టగానే రెండు చేతులూ జోడించాలి. బువ్వ అయిపోతే ఉత్త చేతులు తిప్పి చూపాలి. ఎవరైనా ఊరికి బయల్దేరితే చెయ్యి ఊపాలి. ఏడాది నిండని పిల్ల నోట మాట లేకపోయినా, పిలుపు, మొక్కు, వీడ్కోలు చేతుల్లో అప్పటికే ఉండేవి. దీన్ని ఎవరూ పాఠమనలేదు, దీనివల్ల మాట ఆగిపోతుందని దిష్టి తీయించుకోనూ లేదు.

సైగలను బడికెక్కించినవాడు ఫ్రెంచి మతాచార్యుడు అబ్బే ద లెపె. 1760 ప్రాంతంలో పారిస్‌లో ఆయన బధిర పిల్లల కోసం ఉచితంగా బడి నడిపాడు. ఆ బడిలో చదివిన బధిరుడు లారెంట్ క్లెర్క్ అట్లాంటిక్ దాటి, థామస్ గాలడెట్‌తో కలిసి 1817లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో బడి పెట్టాడు. బధిర ఉపాధ్యాయులు బధిర పిల్లలకు చేతులతో చదువు చెప్పిన మంచి కాలం అది.

1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ ఆ కాలానికి తెర దించింది. 164 మంది ప్రతినిధుల్లో వినికిడి లేనివారు ఒక్కరే. బధిరుల చదువు నోటిమాటతోనే సాగాలని, సైగలు మాటకు అడ్డమని తీర్మానించారు. బళ్లలో సైగ చేసిన పిల్లల చేతుల మీద దెబ్బలు పడ్డాయి. ముంబైలో 1880ల్లో, కలకత్తాలో 1893లో మన దేశపు తొలి బధిర పాఠశాలలు వెలిసింది సరిగ్గా ఆ గాలి వీస్తున్నప్పుడే. తరగతి గదిలో పెదాలు చూసి మాట పట్టుకోవాలి. హాస్టల్‌కు వెళ్లాక పిల్లలు తమ చేతులతో తమ భాష తాము అల్లుకునేవారు. మిలాన్ తీర్మానాల వల్ల జరిగిన కీడుకు అదే మహాసభ వారసులు విచారం ప్రకటించింది 2010లో, వాంకూవర్‌లో. అప్పటికి 130 ఏళ్లు గడిచాయి.

ఈ మధ్యలో శాస్త్రం దారి మార్చింది. 1960లో విలియం స్టోకో అమెరికన్ సైగల భాషకు సొంత నిర్మాణం ఉందని చూపించాడు. 1980 నాటికి వశిష్ఠ, వుడ్‌వర్డ్, డి శాంటిస్ భారతీయ సైగల భాషకు తొలి పరిచయ గ్రంథం తెచ్చారు. బధిర తల్లిదండ్రుల పిల్లలు సగటున ఎనిమిదిన్నర నెలలకే మొదటి సైగ చేస్తున్నారని 1983లో బాన్‌విలియన్ బృందం రాసింది. సైగల మధ్య పెరిగే బధిర శిశువులు ముద్దుమాటలు కూడా చేతులతోనే పలుకుతారని 1991లో పెటిటో, మారెంటెట్ 'సైన్స్' పత్రికలో చూపించారు. వినబడే బిడ్డ "బబబ" అన్నట్టే, ఆ బిడ్డ అర్థంలేని చేతి కదలికలను మళ్లీ మళ్లీ చేస్తుంది.

వినికిడి ఉన్న పిల్లలకు సైగలు నేర్పే వేడుక ఈ పరిశోధనల కాలంలోనే మొదలైంది. కాలిఫోర్నియాలో లిండా అక్రెడోలో అనే మనస్తత్వవేత్త కూతురు, ఏడాది పాప, పువ్వు కనబడగానే ముక్కు ఎగబీల్చేది. వాసన చూడటమే ఆ పాపకు పువ్వు పేరైంది. దాంతో పుట్టిన ఆసక్తితో అక్రెడోలో, సుసాన్ గుడ్విన్ పరిశోధనలు చేసి 1996లో 'బేబీ సైన్స్' పుస్తకం రాశారు. బధిర మిత్రుల ఇళ్లలో పిల్లలను గమనించిన జోసెఫ్ గార్సియా 1999లో మరో పుస్తకం తెచ్చాడు. ఆ తర్వాత కార్డులు, వీడియోలు, క్లాసులు వెల్లువెత్తాయి. అమెరికాలోని తెలుగు ఇళ్ల పిల్లలు కూడా డేకేర్‌లో ఇవి నేర్చుకుంటున్నారు. వేళ్ల కొసలు దగ్గరికి చేర్చి రెండు చేతులూ తాటిస్తే "ఇంకా కావాలి". పిడికిలి తెరిచి మూస్తే "పాలు". పాలు పితికే చేతి కదలిక అది. పాడి మీద బతికే కోలారు అవ్వకు దాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

బిడ్డ తెలివితేటలు పెరుగుతాయని, మాటలు త్వరగా వస్తాయని వ్యాపారం ఊదరగొట్టింది. 103 మంది శిశువులతో చేసిన 2000 నాటి అధ్యయనం కొంత లాభం చూపింది. 2005లో కెనడా పరిశోధకులు అప్పటివరకు వచ్చిన నివేదికలన్నీ జల్లెడ పట్టి ఆధారం చాలదన్నారు. 2013లో ఇంగ్లండ్‌లో 40 మంది శిశువులను ఎనిమిదో నెల నుంచి ఇరవయ్యో నెల దాకా గమనిస్తే భాషాభివృద్ధిలో తేడా కనబడలేదు. సైగలు నేర్పిన తల్లులు బిడ్డ చేష్టలను ఇంకాస్త శ్రద్ధగా పట్టించుకోవడం మాత్రం కనబడింది. మొత్తానికి వినబడే బిడ్డకు సైగలతో పెద్ద లాభమూ లేదు, నష్టం అసలే లేదు. అవ్వల చందమామ ఆటకూ ఇదే తీర్పు వర్తిస్తుంది.

వినబడని బిడ్డ సంగతి వేరు. దానికి సాక్ష్యం కోసం దేశాలు తిరగనక్కర్లేదు. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా విడిపోయేదాకా కోలారు జిల్లాలోనే ఉన్న గౌరీబిదనూరు తాలూకాలో అలీపూర్ అనే ఊరుంది. రాళ్లకు సానపట్టే పనికి పేరుపడ్డ షియా ముస్లింల ఊరు. దగ్గరి సంబంధాల పెళ్లిళ్లు తరతరాలుగా సాగడంతో అక్కడ పుట్టు చెవుడు ఎక్కువ; సుమారు 150 మంది బధిరులు. ఆ ఊరు వారిని మూలన కూర్చోబెట్టలేదు, ఒక భాషనే పుట్టించింది. స్వయంగా బధిరుడైన భాషావేత్త సిబాజీ పండా 2012లో అలీపూర్ సైగల భాషను గ్రంథస్థం చేశాడు. బధిరులున్న ఇళ్లలో వినబడేవాళ్లు కూడా ఆ భాషలో మాట్లాడతారు. పిల్లలకు క్లాసులేవీ లేవు. మేనత్తలు, బాబాయిల చేతులు చూస్తూ నేర్చుకుంటారు. పట్నం బళ్ల నుంచి వచ్చే భారతీయ సైగల భాష దాన్ని ఇప్పుడు పక్కకు నెడుతోంది.

మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు మన తెలుగు ఇళ్లలోనూ ఉన్నాయి గనుక అలీపూర్ కథ పరాయిది కాదు. తేడా ఏమిటంటే, మన ఇళ్లలో బధిర శిశువు తరచూ ఒంటరిగా పుడుతుంది. "వాళ్ల నాయనకూ మాటలు లేటుగానే వచ్చినాయి" అంటూ రెండేళ్లు, మూడేళ్లు గడిపేస్తాం. భాష నాటుకోవాల్సిన అసలు కాలం అదే. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల కింద చిన్నపిల్లలకు వినికిడి కోసం కాక్లియర్ ఇంప్లాంట్ వేస్తున్నారు, మంచిదే. కానీ ఆపరేషన్‌కు ముందు నెలల్లోనూ, తర్వాత శిక్షణ ఫలించేదాకానూ బిడ్డకు ఏదో ఒక భాష అందుతూ ఉండాలి. చేతుల్లో భాష ఉన్న బిడ్డకు ఆ లోటుండదు.

దేశంలో సాధనాలూ సమకూరుతున్నాయి. 2015లో ఢిల్లీలో భారతీయ సైగల భాషా పరిశోధన శిక్షణ కేంద్రం వచ్చింది. 2018లో 3,000 పదాలతో మొదలైన దాని నిఘంటువు 2021 నాటికి 10,000కు చేరింది. వీడియోలు ఇంటర్నెట్‌లో ఉచితం. మన సైగల భాషలో వేళ్ల అక్షరాలకు రెండు చేతులూ కావాలి, అమెరికా వాళ్లకు ఒకటి చాలు. కాబట్టి అమెరికా కార్డులు కొనేముందు మన నిఘంటువు తెరవండి.

పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష మొదటి నెలలోనే చేయించండి. తేడా ఉందని తేలితే ఆ రోజు నుంచే తల్లి, తండ్రి, అవ్వ, తాత అందరూ సైగలు నేర్చుకోండి. నోరు తిరగదన్న భయం మిలాన్ మిగిల్చిన అబద్ధం. దాన్ని మన ఇళ్లలో ఇంకో తరం మొయ్యనక్కర్లేదు.