మన్యంలో తుపాకీ కర్ర

నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైన భద్రాచలం 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి మారింది. పోడు సేద్యంపై పన్ను భారం పెరగడంతో 1879లో రంప తిరుగుబాటు భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది. 1878 నాటి ఆయుధాల చట్టం లైసెన్సు లేని తుపాకీని అప్పటికే నేరంగా మార్చింది. తర్వాత మన్యంలో బ్రిటిష్ పాలనపై తిరగబడిన అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు తీసుకుపోయిందని చరిత్రకారులు లెక్క చెబుతారు గాని, ఆ తుపాకులు పట్టిన చేతులకు ఎలా అమరాయన్నదీ అంతే విలువైన ప్రశ్న. విల్లును మనిషి తన చేతికి తగ్గట్టు చేసుకోగలడు. తుపాకీ కర్ర, అంటే గొట్టాన్ని మోస్తూ భుజానికి ఆనే చెక్క భాగం, కర్మాగారం నిర్ణయించిన కొలతతోనే వస్తుంది. మీట (ట్రిగ్గర్) నుంచి మడమ (భుజానికి ఆనే చివర) వరకు దూరం ఎక్కువైతే పొట్టి చేతులవాడు మెడ చాచవలసి వచ్చి గురి తప్పుతుంది, తక్కువైతే అదురు ముఖానికి తగులుతుంది. అందుకే బ్రిటిష్ సైన్యం లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు పొడవు, సాధారణం, పొట్టి, మరీ పొట్టిదైన 'బాంటం' అనే కొలతల్లో మడమలు చేయించింది. వానాకాలపు తేమకు చెక్క ఉబ్బి గొట్టాన్ని ఒకవైపు నెట్టడం మరో చిక్కు. అప్పుడు కొలత సరిపోయిన తుపాకీ కూడా గుండును పక్కకు పంపుతుంది.