వస కొమ్ము నుంచి స్పీచ్ థెరపీ దాకా

పసిబిడ్డకు మాటలు త్వరగా రావాలని వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయడం తెలుగునాట పాత అలవాటు. అయినా మాట రాకపోతే నాలుక మందమనో, నాలుక కింద నరం పట్టేసిందనో అనేవారు. నాలుక బాగానే ఉండి, చెప్పింది అర్థమవుతూ, మాట మాత్రం కూడిరాని పిల్లల సంగతి వైద్యానికీ ఆలస్యంగానే తెలిసింది. కండరాల్లో బలహీనత లేకున్నా అనుకున్న కదలికను కూర్చుకోలేని స్థితిని 1900లో జర్మన్ వైద్యుడు హ్యూగో లీప్‌మన్ అప్రాక్సియాగా వర్ణించాడు. పిల్లల మాటలోనూ ఇలాంటిది ఉంటుందని 1950లలో బ్రిటన్‌లో స్పీచ్ థెరపిస్టు మురియెల్ మోర్లీ రాసింది. అది విడి రుగ్మతేనా అన్న వాదం ఆ తర్వాత దశాబ్దాల పాటు సాగింది. చివరికి 2007లో అమెరికా స్పీచ్, హియరింగ్ నిపుణుల సంఘం దానికి మూడు ప్రధాన గుర్తులు చెప్పింది.

పరీక్ష వినికిడితో మొదలవుతుంది. తర్వాత థెరపిస్టు ఒకే మాటను నాలుగైదుసార్లు అనిపిస్తారు. మామూలు ఉచ్చారణ దోషమున్న పిల్లవాడు ‘బండి’ని దాదాపు ప్రతిసారీ ‘బంది’ అనే అంటాడు. అప్రాక్సియా ఉన్నవాడు ఒకసారి ‘బంది’, ఒకసారి ‘అండి’, ఇంకోసారి ‘బూది’ అంటాడు. ఇది మొదటి గుర్తు. ఒక ధ్వని నుంచి మరో ధ్వనికి మారేటప్పుడు సాగదీత, తెగిపోవడం రెండోది. మాటలో ఊనిక, లయ తప్పడం మూడోది. ‘ప-త-క’ వరసగా, గబగబా అనమంటే తడబాటు బయటపడుతుంది. ‘అమ్మ’ పలికిన నోరే ‘అమ్మమ్మావాళ్లు’ దగ్గర చిక్కుపడుతుంది. ప్రత్యయాలు చేరి మాటలు పొడుగయ్యే తెలుగులో ఈ ఇబ్బంది చిన్నది కాదు.

చికిత్సకు మూలం 1954లో వాక్ నిపుణుడు రాబర్ట్ మిలిసెన్ చెప్పిన పద్ధతి: విను, నా నోరు చూడు, నాలాగే అను. తర్వాతి తరం నిపుణురాలు ఈడిత్ స్ట్రాండ్ దాన్ని మెట్లుగా తీర్చింది. మొదట ఇద్దరూ కలిసి మెల్లగా అంటారు. తర్వాత థెరపిస్టు గొంతు తగ్గిస్తూ, పెదవులు మాత్రమే కదుపుతూ, చివరికి పిల్లవాడికే వదిలేస్తారు. ‘దా’, ‘ఇయ్యి’, ‘నాన్న’ వంటి అక్కరకొచ్చే మాటలు కొన్నే తీసుకుని, ఒక్కోదాన్ని పదేపదే అనిపించాలి. బూరలు ఊదించడం, నాలుక కసరత్తులు ఇప్పటికీ కొన్నిచోట్ల కనిపిస్తాయి గానీ, వాటితో మాట కుదురుతుందనడానికి ఆధారం లేదు.

మన దేశంలో స్పీచ్ థెరపీ వృత్తికి పునాది 1965లో మైసూరులో ఏర్పడిన అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ. 1983లో ముంబైలో వచ్చిన అలీ యావర్ జంగ్ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం వెలిసింది. వృత్తి అర్హతలను నియంత్రించే చట్టం 1992లో వచ్చింది. 1995 నాటి వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాల్లో వినికిడి లోపం ఉంది గానీ మాట లోపం లేదు. 2016 చట్టం జాబితాను 21కి పెంచి దాన్నీ చేర్చింది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలని నిర్దేశించింది. అనకాపల్లి జిల్లాలోని చీడికాడ లాంటి మండలాలకు గుర్తింపు ఇలా దగ్గరైంది. చికిత్స అంత దగ్గర కాలేదు. ఈ రుగ్మతకు వారానికి ఒక్కసారి చూపించుకుంటే చాలదు, చిన్నచిన్న విడతలుగా తరచూ సాధన కావాలి. అందుకే పల్లె కుటుంబాల విషయంలో థెరపిస్టులు తల్లికి పద్ధతి నేర్పి, ఇంటి దగ్గర రోజూ చేయించి, మధ్యమధ్య ఫోన్ వీడియోలో పిల్లవాడి నోటి కదలికను చూసి సరిదిద్దుతారు.