మునులు లేని ద్వీపంలో తీర్థం

ఫిలింనగర్ దైవసన్నిధానంలో పూజకు కూర్చున్న యజమాని సంకల్పంలో తన గోత్రనామాల కోసమే చెవి ఒగ్గుతాడు. అంతకుముందే అర్చకుడు దేశకీర్తనం ముగించి ఉంటాడు: జంబూద్వీపం, భరతవర్షం, శ్రీశైలానికి వాయవ్యదిశ, కృష్ణాగోదావరుల మధ్యప్రదేశం. నిలిచిన నేల ఏదో చెప్పనిదే వైదికకర్మ ఆరంభం కాదు. మరి ఏ పురాణమూ వర్ణించని నేలమీద, ఏ పుణ్యనదీ ప్రవహించని చోట నిలిచినవాని మాటేమిటి? 19వ శతాబ్దంలో వేలాది తెలుగువారికి ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది. వారు చేరిన చోటు హిందూమహాసముద్రంలోని మారిషస్ ద్వీపం.

ఫిలింనగర్‌కు ఈ పేరు కొత్తది కాదు. పాటల చిత్రీకరణకు భారతీయ చలనచిత్ర బృందాలు ఈ ద్వీపానికి వెళ్తూనే ఉన్నాయి. వెండితెరపై కనిపించేది నీలిసముద్రం, తెల్లని ఇసుక. పగడపు దిబ్బలు ద్వీపాన్ని దాదాపుగా చుట్టివచ్చి అలల ఉద్ధతిని వెలుపలే అణచివేయడం వల్ల లోపలి జలం సరస్సువలె ప్రశాంతంగా ఉంటుంది. అయితే ఆ ద్వీపమంతా అగ్నిసంభవం. జూబ్లీహిల్స్ గుట్టల గ్రానైట్ కూడా అగ్నిసంభవమే, కాని వయస్సులో పోలికే లేదు. జూబ్లీహిల్స్ శిల సుమారు 250 కోట్ల సంవత్సరాల నాడు భూగర్భంలోనే మెల్లగా చల్లబడి ఘనీభవించింది. మారిషస్ శిల 80, 90 లక్షల సంవత్సరాల క్రితం సముద్రగర్భం నుండి ఉబికివచ్చిన లావా. ఒకే అగ్నికి ఒకటి వృద్ధసంతానం, మరొకటి శిశువు.

ఆ ద్వీపంలో క్యూర్‌పిప్ పట్టణం నడుమ త్రూ ఓ సెర్ఫ్ అనే శాంతించిన అగ్నిపర్వతముఖం ఉంది. నేడు దాని లోతట్టు చెట్లతో పచ్చగా నిండి ఉంది. చమరెల్‌లో నల్లని శిల యుగాలపాటు వర్షానికి శిథిలమై, ఇనుము, అల్యూమినియం ఆక్సైడుల కారణంగా ఎరుపు, గోధుమ, ఊదా వర్ణాల మట్టిగా మారింది. దానిని సప్తవర్ణభూమి అంటారు. నైరృతికోణాన 556 మీటర్ల లె మోర్న్ పర్వతం. యజమానుల క్రౌర్యం నుండి పారిపోయిన బానిసలు దాని గుహలలో తలదాచుకున్నారు. 2008లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వంగా గుర్తించింది. విహారయాత్రికులు ఛాయాచిత్రాలు తీసుకునే ఆ శిఖరం నిజానికి ఒక దుఃఖస్మారకం.

కాశీఖండం స్థావరతీర్థాల పావనత్వానికి మూడు హేతువులు చెబుతుంది: భూమి యొక్క అద్భుతప్రభావం, జలం యొక్క తేజస్సు, మునుల పరిగ్రహం. మారిషస్‌లో మొదటి రెండూ పుష్కలం. మూడవది లేదు. 1598లో డచ్చివారు దిగేనాటికి అక్కడ మనుష్యనివాసమే లేదు. వారి రాకుమారుడు మౌరిట్స్ పేరే ద్వీపానికి పెట్టారు. మారీచునితో ఆ పేరును ముడిపెట్టి కథ చెప్పేవారున్నారు. భక్తితో చెప్పినా అది చరిత్ర కాదు. లేని స్థలపురాణాన్ని కల్పించవలసిన అగత్యం ఆ ద్వీపానికి లేదు, ఉన్న చరిత్రే చాలు.

డచ్చివారి తరువాత ఫ్రెంచివారు, 1810 నుండి ఆంగ్లేయులు. బానిసత్వం రద్దు కానున్న తరుణంలో చెరకుతోటల కోసం ఒప్పందకూలీలను రప్పించారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది దిగారు. 20వ శతాబ్దారంభం వరకు వచ్చిన భారతీయుల సంఖ్య సుమారు 4.5 లక్షలు. ఆ నౌకల కాలపు ఆంధ్రదేశం ఎలా ఉందో గుర్తుచేసుకోవాలి. 1832, 33లలో నందననామ సంవత్సరపు కరువు, దానినే డొక్కల కరువన్నారు. 1839లో గోదావరీముఖద్వారాన కోరంగి రేవును పెనుతుపాను ధ్వంసం చేసింది. ఆ రేవు పేరుమీదనే మారిషస్‌లో తెలుగువారిని కోరంగివారని పిలిచారు.

బౌధాయనధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువులలో లెక్కించింది. ఈ వాక్యాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఓడ ఎక్కిన కూలీకి స్వగ్రామంలో శాస్త్రదృష్ట్యా స్థానం సందిగ్ధమైంది. చిత్రమేమంటే, మునులు చేయవలసిన పరిగ్రహాన్ని ఆ ద్వీపంలో చేసినవారు ఈ పతితులే.

1897లో త్రియోలే గ్రామవాసి ఝుమ్మన్ గిరి గోసాయికి స్వప్నంలో ఒక సరస్సు కనిపించింది, దాని జలం జాహ్నవి నుండి వచ్చినట్లు తోచింది. దక్షిణాన ఎత్తైన అరణ్యప్రదేశంలో, అగ్నిపర్వతముఖంలో నిలిచిన గ్రాన్ బాసిన్ సరస్సు అదేనని నిశ్చయించుకుని 1898లో ఒక బృందం ఉత్తరం నుండి నడచివెళ్ళింది. అగ్ని వెలువడిన ముఖంలో గంగ! లలాటంలో అగ్నినేత్రాన్నీ జటాజూటంలో గంగనూ కలిపి ధరించినవానికి ఇంతకంటే తగిన స్థలం దొరకదు. 1972లో గోముఖం నుండి తెచ్చిన గంగాజలాన్ని అందులో కలిపారు, గంగాతలావ్ అనే పేరు స్థిరపడింది. నేడు మహాశివరాత్రికి లక్షలాదిమంది కావడులతో అక్కడికి నడచివెళ్తారు. 2007లో వెలసిన 108 అడుగుల మంగళమహాదేవ విగ్రహం దూరానికే కనిపిస్తుంది, కాని ఆ క్షేత్రానికి ప్రాణం విగ్రహంలో లేదు, ఆ నడకలో ఉంది.

తెలుగువారి పరిగ్రహం మరొక రూపంలో సాగింది. వారి రామభజనంలో మధ్యన దీపం ఉంటుంది. దాని చుట్టూ వలయంగా తిరుగుతూ, అడుగులు వేస్తూ తెలుగుకీర్తనలు పాడతారు. పాడేవారిలో అనేకుల ఇంటిభాష నేడు క్రియోల్. అర్థం తెలియక వేదం పఠించేవాడు బరువు మోసే స్తంభం వంటివాడని యాస్కుడు నిరుక్తంలో గర్హించాడు. ఆ గర్హణ వీరికి వర్తిస్తుందా? అర్థం తెలుసుకునే అవకాశం చేతిలో ఉండగా విడిచినవానికే ఆ మాట తగులుతుంది. విష్ణుసహస్రనామాన్ని ఆంగ్లలిపిలో చదువుతున్న జూబ్లీహిల్స్ పిల్లలకైతే తగులుతుందేమో. చెరకుతోటలో భాషను కోల్పోతూ కూడా నామాన్ని జారవిడువని కూలీకి కాదు. పైగా వారు అర్థాన్ని తిరిగి వెదుకుతున్నారు. అక్కడి పాఠశాలలలో తెలుగు ఐచ్ఛికభాష, మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నతవిద్యగా కూడా నేర్పుతారు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఆ ద్వీపంలోనే. ఉగాది అక్కడ ప్రభుత్వసెలవు.

భజన మాత్రమే కాదు, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ కూడా అక్కడ నిలిచాయి. ఈ పేర్లే ఉత్తరాంధ్ర తీరం నుండి ఎక్కినవారి చిరునామాలు. సింహాచలాన్ని ఎన్నడూ చూడని ఇంటిలో కూడా వరాహనరసింహుని పిలిచేది అప్పన్న అనే.