మెట్ట ఊళ్ల బండి తలుపు

జగ్గయ్యపేటలో ద్వారాల చరిత్ర మూడో శతాబ్దం దాకా పోతుంది. ఊరి పక్క ధనంబోడు గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు శాసనాలున్న స్తంభాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర ఐదు పూజా స్తంభాలు (ఆయక స్తంభాలు) నిలబెట్టించాడని వాటి సారాంశం. తండ్రి పేరు, సొంత ఊరు కూడా రాతి మీద చెక్కించుకున్నాడు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల తలుపులు బిగించిన వడ్రంగులకు, వెల్డర్లకు అంత గౌరవం దక్కలేదు.

బేతవోలు దగ్గర తండ్రి జగ్గయ్య పేరు మీద ఈ పేట కట్టించింది జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. పేట అంటేనే వ్యాపారం. పక్కనే నిజాం రాజ్యం. ఇలాంటి సరిహద్దు బజార్లలో కొట్టు కట్టేయడమంటే పెద్ద పని. గడపకు, పైదూలానికి ఉన్న గాడుల్లో నిలువు పలకలను ఒక్కొక్కటే దింపాలి. వరస తప్పకుండా వాటి మీద అంకెలు వేసుకునేవారు. చివరి పలకకు అడ్డంగా ఇనపకమ్మి, దానికో తాళం.

ఇళ్లలో బండికి మాత్రం తలుపు లేదు. ఎడ్లను విప్పి గొడ్ల చావిట్లో కట్టేసి, బండిని వేపచెట్టు కింద వదిలేసేవారు. విలువంతా ఎడ్లదే. అవి లోపలుంటే కాడి దించిన బండిని లాక్కెళ్లేదెవరు?

ట్రాక్టరుతో ఆ సౌకర్యం పోయింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ ఈ మెట్టకూ చేరింది. విజయవాడ-హైదరాబాద్ రోడ్డు మీద లారీలు పెరిగాయి. ఆ రోడ్డు అప్పట్లో తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి ఉండటంతో సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. ఇంజనును ఎడ్లలా విప్పి లోపల కట్టేయలేరు కదా, బండి మొత్తాన్నీ లోపల పెట్టి తాళం వేయాల్సిందే.

అమెరికాలో దీనికి వేరే దారి దొరికింది. 1921లో సి.జి. జాన్సన్ పైకి లేచి కప్పు కిందికి ఒదిగే గ్యారేజి తలుపు తయారుచేశాడు, 1926లో దానికి మోటారు తగిలించాడు. అలాంటి తలుపు ఒదగాలంటే కప్పు కింద లోపలిదాకా ఖాళీ ఉండాలి. కింద రోడ్డు వైపు రెండు మూడు కొట్టు గదులు, పైన కాపురం ఉండే మన బజారు ఇంటికి గుమ్మం పైనే చుట్టుకునే రోలింగ్ షట్టర్ నప్పింది. అద్దెకు పోని గదిలో కారు పెట్టారు. ఇక్కడి కారు షెడ్డు కొట్టు గదిలోంచి పుట్టిందనిపిస్తుంది.

రోలింగ్ షట్టర్లకు మన దేశంలో ప్రమాణం ఉంది: ఐఎస్ 6248, 1979 నాటిది. దాని ప్రకారం 8 చదరపు మీటర్ల దాకా షట్టర్ చేత్తో ఎత్తి దించేదిగా ఉండొచ్చు, అది దాటితే బాల్ బేరింగులు కావాలి. పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తున్న కారు షట్టర్ ఏడున్నర చదరపు మీటర్లకు లోపే. అందుకే ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఎత్తగలరు, స్ప్రింగు బాగున్నన్నాళ్లు. బరువు మోసేది అదే. షట్టర్ కిందికి దిగినప్పుడు పైన పైపులోని స్ప్రింగు బిగుసుకుంటుంది, ఎత్తేటప్పుడు ఆ బిగువే సాయం పడుతుంది. ఉన్నట్టుండి షట్టర్ బరువెక్కితే స్ప్రింగును అనుమానించాలి. దించి ఉన్న షట్టర్ పైపును ఇంటివాళ్లు విప్పబోతే చెయ్యి విరుగుతుంది. అది మెకానిక్ పని.

కొట్టు యజమాని షట్టర్‌ను రోజూ ఎత్తుతాడు కాబట్టి చప్పుడు మారితే వెంటనే తెలుస్తుంది. కారు షట్టర్‌కు ఆ భాగ్యం లేదు. దసరాకు కారుకు నిమ్మకాయలు, గుమ్మడికాయ అన్నీ జరుగుతాయి, షట్టర్‌కు బొట్టు కూడా పెట్టరు! సిమెంటు ధూళి గైడు చానళ్లలో పేరుకుంటుంది. దాన్ని తుడవకుండా గ్రీజు పూస్తే రెండూ కలిసి ముద్దకట్టి పట్టీలు బిగుసుకుపోతాయి. వాన మరో శత్రువు. 2023 జూలైలోను, 2024 సెప్టెంబరులోను మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారినే ముంచింది. నీళ్లు నిలిచిన చోట ముందు తుప్పు పట్టేది అడుగుపట్టీయే.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు ఇప్పుడు మోటారు, రిమోట్ అడుగుతున్నారు. అక్కడ 1993 జనవరి నుంచి తయారైన ఇళ్ల గ్యారేజి మోటార్లకు, తలుపు కింద మనిషి చిక్కుకోకుండా కాపాడే ఏర్పాటు చట్టరీత్యా తప్పనిసరి. రిమోట్‌తో పాటు ఇవి కూడా అడగండి: అడ్డం తగిలితే ఆపే సెన్సరు, కరెంటు పోతే చేత్తో ఎత్తే గొలుసు. ఈ రెండూ లేని మోటారును, ముఖ్యంగా పసిపిల్లలున్న ఇంట్లో, బిగించనివ్వకండి.